చుక్కలు రాలిపోతే జబ్బు పోయినట్టు కాదు

కావలి నుంచి ఒక గృహిణి మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె చెప్పుకున్నది క్లుప్తంగా ఇదీ.

తొమ్మిదేళ్ల కూతురి కోసం ఏడాది కిందట హాల్లో గాజు తొట్టి పెట్టుకున్నారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు, రెండు ఏంజెల్ చేపలు, పాచి తింటుందని ఒక సక్కర్ చేప. ఏడాదిలో ఒక్క చేపా చావలేదు. దీపావళికి నెల్లూరు వెళ్లినప్పుడు పాప ముచ్చటపడిందని నాలుగు నల్ల మోలీలు కొన్నారు. ఇంటికి రాగానే కవరు విప్పి, నీళ్లతో సహా తొట్టిలో పోశారు. ఆ వారమే వాయుగుండం పట్టింది. మూడు రోజులు ముసురు, ఒక రాత్రీ మర్నాడు సగం పూటా కరెంటు లేదు. వాన వెలిసిన రెండో రోజు మోలీల తోకల మీద సన్న రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనబడ్డాయి.

దుకాణానికి ఫోన్ చేస్తే నీలం రంగు మందు, పసుపు పొడి వేయమన్నారు. వేసిన మూడో రోజుకి చుక్కలు పోయాయి. సంతోషించి మందు ఆపేశారు. అయిదో రోజుకి అన్ని చేపల మీదా రెండింతలు వచ్చాయి. ఒక మోలీ, ఒక గోల్డ్ ఫిష్ చనిపోయాయి. మిగిలిన గోల్డ్ ఫిష్ నీటి పైకి వచ్చి, గాలి బుడగల దగ్గర నోరు తెరుచుకుని ఉంటోంది.

ఇక ఇంట్లో మాటలు. రొయ్యల సాగు చేసే బావగారు వచ్చి చూసి, "ఇది వైట్ స్పాటే తల్లీ. తొంభై అయిదులో మా గుంటలన్నీ ఊడ్చుకుపోయింది దీనివల్లే. దీనికి మందు లేదు. బ్లీచింగ్ కొట్టి అన్నీ పారబొయ్యండి, ఆ చేతుల్తో మా గుంటల కాడికి మాత్రం రావద్దు" అన్నారట. అత్తగారు ఇంట్లో చేపలు చావడం కీడని, ఉన్నవాటిని ఊరి చెరువులో వదిలేసి రమ్మంటున్నారు. భర్త కొత్తవి కొందామంటున్నారు. పాప మాత్రం బడి నుంచి వచ్చింది మొదలు తొట్టి ముందే కూర్చుంటోంది. "బావగారు చెప్పింది నిజమేనా? తగ్గింది మళ్లీ ఎందుకు వచ్చింది? పాప చేతులు పెడుతుంది, దానికేమైనా అంటుతుందా? చంపాలా, వదలాలా, వైద్యం చేయాలా? పెద్దవాళ్ల మాట కాదనలేను, పిల్ల ముఖం చూడలేను" అని అడిగారు.

అమ్మా, ముందు పాప సంగతి. ఈ జబ్బు మనుషులకు అంటదు. చేతికి కోతలు, పుండ్లు ఉన్నప్పుడు తొట్టిలో పెట్టకపోవడం, పెట్టాక సబ్బుతో కడుక్కోవడం ఎప్పుడూ ఉండాల్సిన అలవాటే. అంతకు మించి భయం అక్కర్లేదు.

బావగారి భయానికి కారణముంది. 1994-95లో మన తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చ తెగులును కళ్లారా చూసిన రైతు, తెల్లచుక్క కనబడితే ఉలిక్కిపడకుండా ఎలా ఉంటారు? కానీ ఆ తెగులు వైరస్ వల్ల వచ్చేది. అది రొయ్య, పీత జాతులకు తగులుతుంది, చేపకు తగలదు. దానికి మందు లేదన్నది నిజమే. మీ తొట్టిలో ఉన్నది వేరే. ఇది ఒకే కణమున్న పరాన్నజీవి, మంచినీటి చేపలకే పడుతుంది. రొయ్యకు పట్టదు, ఉప్పునీటి గుంటలో బతకలేదు. దీని శాస్త్రీయ నామం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్. 1876లో ఫూకే పెట్టిన ఆ పేరుకు బహుసంతానం గల చేపపేను అని అర్థం. అక్వేరియం పెంచేవాళ్లు ఇక్ అని పొట్టిగా అంటారు. రెండింటినీ వైట్ స్పాట్ అనే పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇక్‌కు వైద్యం ఉంది.

ఆయనతో వాదన పెట్టుకోకుండా ఈ మాట తేల్చే దారి మీ ఇంట్లోనే ఉంది. రొయ్యల పిల్లనూ నీళ్లనూ పరీక్ష చేయించడానికి బావగారు వెళ్లే ఆక్వా ల్యాబ్ ఒకటి ఉండే ఉంటుంది. చుక్కలున్న చేపను తొట్టి నీళ్లతోనే కవరులో వేసి ఆయన చేతికివ్వండి. "మీ ల్యాబ్‌లో ఒకసారి చూపించండి బావగారూ" అని అడగండి. వాళ్లు చేప ఒంటి మీది జిగురును కొద్దిగా గీరి గాజుపలక మీద పెట్టి చూస్తారు. ఇక్ అయితే గుండ్రంగా, నెమ్మదిగా దొర్లుతూ, లోపల గుర్రపు నాడా ఆకారంలో కేంద్రకంతో కనబడుతుంది. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. చేప బతికుండగానే తీసుకెళ్లాలి, చచ్చిన చేపను ఇవి త్వరగా వదిలేసి పోతాయి. పనిలో పనిగా మరో కవరులో తొట్టి నీళ్లు పంపి అమ్మోనియా ఎంతుందో చూడమనండి. ఎందుకో కింద చెబుతాను. పెద్దాయన తన కళ్లతో చూసుకుంటే ఇంట్లో సగం గొడవ తీరుతుంది, మీకు సాయానికి ఒక మనిషీ దొరుకుతాడు.

ల్యాబ్ దాకా పోలేకపోతే ఇంట్లోనే చూసుకునే గుర్తులున్నాయి. చీకట్లో టార్చి పక్క నుంచి వేయండి. ఉప్పుగల్లు, సన్న రవ్వ పరిమాణంలో విడివిడిగా చుక్కలుంటే ఇక్. పసుపు దులిపినట్టు అతి సన్నగా బంగారు ఛాయ ఉంటే అది వెల్వెట్ అనే మరో పరాన్నజీవి. దూదిపింజలా ఉంటే బూజు. గోల్డ్ ఫిష్‌కు మొప్ప మూతల మీదా, పక్క రెక్కల ముందు ఈనె మీదా మాత్రమే వరసగా చుక్కలుంటే అది జబ్బే కాదు, ఈడొచ్చిన మగచేప గుర్తు. మీరు రాసిన దాన్నిబట్టి, అంటే కొత్త చేపలు రావడం, చలి, తోకల నుంచి మొదలై ఒళ్లంతా పాకడం, పోయి తిరిగి రావడం చూస్తే, ఇది ఇక్ అనే నా నమ్మకం.

తగ్గింది మళ్లీ ఎందుకు వచ్చిందంటే, అసలు తగ్గనే లేదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా మీరే చేసుకోగలరు.

ఈ పురుగు బతుకు మూడు దశలు. మొదటి దశలో చేప చర్మం పైపొర కింద దూరి, అక్కడే తింటూ లావెక్కుతుంది. మనకు తెల్ల చుక్కగా కనబడేది అప్పుడే. పైన చర్మమే దానికి గొడుగు కాబట్టి నీళ్లలో వేసిన మందు దాన్ని అంటదు. బాగా ఎదిగాక చర్మం చీల్చుకుని తనంతట తానే రాలిపోతుంది. కొన్ని గంటలు ఈది గులకరాళ్లనో గాజునో మొక్కనో పట్టుకుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఇది రెండో దశ. ఆ గూట్లోకీ మందు దూరదు. లోపల ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక రోజు తిరిగేసరికి వందల పిల్లలవుతాయి, ఒక్కోసారి వెయ్యి దాకా. మూడో దశలో ఆ పిల్లలు గూడు పగలగొట్టుకుని చేపను వెతుక్కుంటూ ఈదుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందు గానీ ఉప్పు గానీ చంపగలిగేది వీటినే. మన చలికాలంలో 24, 25 డిగ్రీలుండే నీళ్లలో ఈ చక్రం తిరగడానికి సుమారు వారం పడుతుంది. చలి దేశాల్లో 10 డిగ్రీల నీళ్లలో నెల దాటుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. మందు వేసిన మూడో రోజు చుక్కలు పోయాయంటే అవి పండి రాలాయి, అంతే. మీరు సంతోషించిన ఆ రోజు అవి గులకరాళ్లలో గూళ్లు కట్టుకున్నాయి. మందు పనికొచ్చే సమయం సరిగ్గా అప్పుడే మొదలైంది, మీరు అప్పుడే ఆపారు. ఇందులో మీ తప్పేమీ లేదు. చుక్కలు పోతే ఆపకూడదని ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి, కాస్త కష్టమైనది. ఆ రెండు మందులూ ఈ జబ్బుకు సరైనవి కావు. నీలం మందు మెథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది ఇక్ మీద అంత బలంగా పనిచేయదు. పసుపు పొడి యాంటీబయాటిక్ అయి ఉంటుంది. అది బాక్టీరియాకు వేసేది, ఈ పరాన్నజీవిని ఏమీ చేయదు. పైగా ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్లలో చేపల మలమూత్రాల అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బాక్టీరియా ఉంటుంది, ఈ రెండూ దాన్ని దెబ్బతీస్తాయి. మీ గోల్డ్ ఫిష్ బుడగల దగ్గర నోరు తెరవడానికి మొప్పల్లోకి పాకిన ఇక్ ఒక కారణం, పెరిగిన అమ్మోనియా మరో కారణం కావచ్చు. నీళ్లు పరీక్ష చేయించమన్నది అందుకే.

కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఈ రోజే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ రెండు మందులూ ఆపండి. మూడో వంతు నీళ్లు తీసి, అదే రకం నీళ్లు, అదే వెచ్చదనంలో పోయండి. రేపు మళ్లీ అంతే. కుళాయి నీళ్లయితే బకెట్‌లో ఒక రోజు గాలి పెట్టి ఉంచి క్లోరిన్ పోయాక పోయాలి. ఏడాదిగా బోరు నీళ్లలో పెరిగిన చేపలకు మంచిదని ఒక్కసారిగా మినరల్ వాటర్ క్యాన్లు కుమ్మరించకండి, నీటి గట్టిదనం హఠాత్తుగా పడిపోయి ఆ దెబ్బ వేరేగా తగులుతుంది. నీళ్లు తీసేటప్పుడు పైపైన ముంచి తీయకుండా పైపు కొసను గులకరాళ్లలోకి గుచ్చి లాగాలి. గూళ్లున్నది అక్కడే. మేత రోజుకొక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్దకండి, తీసిన తొట్టి నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టండి. మిగిలిన ఆ కాస్త బాక్టీరియా ఇప్పుడు చాలా అవసరం.

మీ తొట్టిలో నీళ్లెన్ని అన్నది తెలియకుండా ఏ కొలతా వేయకూడదు. మీ కొలతల ప్రకారం నిండా పోస్తే 70 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, అడుగున రాళ్లు, బొమ్మలు తీసేస్తే అసలు నీళ్లు 55 లీటర్లు అనుకుందాం. 70కి లెక్కేసి మందు వేస్తే నాలుగో వంతు పైగా ఎక్కువ పడినట్టే.

ఇక దారులు. నాకు మొగ్గున్నది మొదటి దాని మీద, కానీ మీ ఇంటి వీలును బట్టి మీరే తేల్చుకోవాలి.

మొదటిది వేడి, ఉప్పు కలిపి. నీళ్లు 30 డిగ్రీలకు చేరితే ఈ పురుగు పెరుగుదల, పిల్లలు పెట్టడం దాదాపు ఆగిపోతాయి. నెల్లూరు జిల్లాలో మే నెలలో ఈ జబ్బు అరుదుగా కనబడి, కార్తీకంలో ముసురు పట్టగానే లేవడానికి కారణం కూడా ఇదే. దీనికి 75 లేదా 100 వాట్ల హీటరు, విడిగా ఒక థర్మామీటరు కావాలి. హీటరు మీది అంకెను నమ్మకూడదు, చవకరకాలు రెండు మూడు డిగ్రీలు తప్పు చూపిస్తాయి. ఎనిమిది గంటలకు ఒక డిగ్రీ చొప్పున, రెండు రోజుల్లో 30కి తీసుకెళ్లండి. ఒకేసారి తిప్పేస్తే జబ్బుకన్నా ముందు వేడే చేపను పడేస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల్లో లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టేది, 30లో 7.6 మాత్రమే పడుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేపకు ఆ తేడా చిన్నది కాదు. అందుకే ఎయిర్ పంపు పగలూ రాత్రీ నడవాలి, వీలైతే రెండో ఎయిర్ రాయి కూడా వేయండి. గోల్డ్ ఫిష్ చల్లని నీళ్ల చేప. గాలి బాగా ఉంటే రెండు వారాలు 30 డిగ్రీలను ఓర్చుకుంటుంది, అంతకు మించి అందులో ఉంచకండి.

ఉప్పు విషయానికి వస్తే, మీ తొట్టికి లీటరుకు 2 గ్రాములు చాలు, అంటే 110 గ్రాములు. గోల్డ్ ఫిష్, మోలీలు మాత్రమే ఉంటే 3 గ్రాముల దాకా పోవచ్చు గానీ సక్కర్ చేప ఉప్పుకు అంత ఓర్చుకోదు. దాని కోసమే 2 దగ్గర ఆగమంటున్నాను. సముద్రానికి దగ్గర బోరయి, నీళ్లు నాలుక మీద ఇప్పటికే ఉప్పగా తగిలితే ఒకటిన్నర గ్రాము చాలు. కల్లుప్పు శ్రేష్ఠం. అయోడిన్ ఉప్పు చేపకు విషమన్న మాట వింటుంటాం, ఈ మోతాదులో అందులో ఉండే అయోడిన్ హాని చేసేంత కాదు. కల్లుప్పు దొరక్కపోతే అదే వాడండి. చెంచాలతో కాకుండా వంటింటి త్రాసులో తూచండి, గల్లు ఉప్పు చెంచాకూ మెత్తటి ఉప్పు చెంచాకూ బరువు తేడా ఉంటుంది. మూడు వాటాలు చేసి పన్నెండు గంటలకొకటి చొప్పున, చెంబుడు తొట్టి నీళ్లలో కరిగించి, అడుగున దిగిన మట్టి వదిలేసి, ఫిల్టర్ నీళ్లు పడే చోట నెమ్మదిగా పోయండి. రాళ్ల మీద గల్లుగా చల్లితే అడుగున పడుకునే సక్కర్ చేప పొట్ట కాలుతుంది.

చాలామంది తప్పు చేసేది ఆ తర్వాత. ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు ఆవిరై తగ్గితే మామూలు నీళ్లే పోయాలి. మీరు పైపుతో తీసేసినప్పుడు మాత్రం, తీసిన ప్రతి లీటరుకూ 2 గ్రాములు తిరిగి కలపాలి. రోజు విడిచి రోజు 15 లీటర్లు తీస్తారనుకుంటే 30 గ్రాములు. తొట్టిలో మొక్కలుంటే పాడైపోతాయి, ముందే తీసి పెట్టుకోండి. నీళ్లు మార్చే ముందు హీటరు ప్లగ్ పీకి పావుగంట ఆగండి. నీటి మట్టం దిగి వేడి గాజు గాలి తగిలితే పగులుతుంది, నీళ్లలో చెయ్యి పెట్టేటప్పుడు కరెంటు ఉండనే కూడదు. పాప ఉన్న ఇల్లు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

30 డిగ్రీలకు చేరాక మొదటి రెండు మూడు రోజులు చుక్కలు ఎక్కువైనట్టు కనబడవచ్చు. వేడికి ఒంట్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా త్వరగా ఎదుగుతాయి. అది చూసి గాభరాపడి ఇంకో మందు కలపకండి. ఆఖరి చుక్క పోయాక ఇంకో వారం అదే వేడి, అదే ఉప్పు ఉంచాలి. తర్వాత రోజుకో డిగ్రీ దించుతూ, ఉప్పు కలపని నీళ్లతో మార్పులు చేస్తూ పోతే ఉప్పు దానంతటదే పలచబడుతుంది.

ఈ దారికున్న బెంగ కరెంటు. వాయుగుండం పడితే పోతుందని మీకు చెప్పనక్కర్లేదు. పోయినప్పుడు వేడి గురించి కంగారు వద్దు, దుప్పటి చుట్టి పైన మూత పెడితే 55 లీటర్లు అంత త్వరగా చల్లారవు. గాలి ఆగితేనే ప్రమాదం. ఎయిర్ పంపు తినేది 3 నుంచి 5 వాట్లే, ఇంటి ఇన్వర్టరుకు దాన్ని మాత్రం తగిలించండి. బ్యాటరీ పంపు ఉంటే మరీ మంచిది. రెండూ లేని రాత్రి చెంబుతో ముంచి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండటమే దారి. అప్పుడు దుప్పటి ఒక పక్క ఎత్తి గాలి ఆడనివ్వండి.

హీటరు కొనడం కుదరకపోతే రెండో దారి, ఉప్పు ఒక్కటే. కొలత అదే. కానీ చక్రం వారానికోసారి తిరుగుతుంది కనుక ఓపిక రెట్టింపు కావాలి. రోజూ పది లీటర్లు రాళ్లలోంచి లాగాలి. ఆఖరి చుక్క పోయాక రెండు వారాలు ఆపకూడదు. మొత్తం నెల పట్టవచ్చు. జబ్బు ఇంత ముదిరాక ఈ దారిలో ఇంకొన్ని చేపలు పోయే అవకాశం ఎక్కువ.

మూడోది ఇక్ కోసమే తయారుగా అమ్మే మందు. అందులో సాధారణంగా ఫార్మలిన్, మలకైట్ గ్రీన్ కలిసి ఉంటాయి. బాగా పనిచేస్తుంది, త్వరగానూ పనిచేస్తుంది. కానీ ఇది ఇంట్లో ఆదమరిచి వాడే మందు కాదు. సీసా మీద రాసిన మోతాదును మీ 55 లీటర్లకు లెక్కవేసి, సక్కర్ చేప ఉన్నందుకు సగమే వేయాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. మలకైట్ గ్రీన్ వెలుతురుకు విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం లైటు ఆర్పాక వేయాలి. ప్రతి మోతాదుకూ ముందు నాలుగో వంతు నీళ్లు మార్చాలి. ఫార్మలిన్ నీళ్లలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, అందుకని దీనితో పాటు 30 డిగ్రీల వేడి పెట్టకండి, 26 దాటకుండా చూడండి. చేతికి గ్లౌజులు, తలుపులు తెరిచి పెట్టడం, పిల్లలనూ ఇంట్లో గర్భిణులుంటే వాళ్లనూ దూరంగా ఉంచడం తప్పనిసరి. తినే చేపలకు ఈ మందు వాడరాదు. బావగారి దగ్గర ఫార్మలిన్ డబ్బా ఉండవచ్చు. దాన్ని కొలిచి వేసుకోవచ్చు కదా అనిపిస్తే, లెక్క ఎంత సన్ననిదో చూడండి. వెయ్యి లీటర్లకు 25 మిల్లీలీటర్లు, మీ తొట్టికి 1.4 మిల్లీలీటర్లు. చెయ్యి కాస్త జారితే అన్నీ పోతాయి. అడుగున తెల్లటి మడ్డి దిగిన ఫార్మలిన్ మరీ విషం. మైలుతుత్తం కూడా అంతే, చెరువుల్లో వాడతారు గానీ ఇంటి తొట్టిలో మందుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. వేపాకు, పసుపు ఈ జబ్బును మాన్పవు.

నాలుగో దారికి మందు, కరెంటు రెండూ అక్కర్లేదు, ఒళ్లు వంచితే చాలు. రెండు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు తీసుకుని, రాళ్లూ ఏమీ లేకుండా నీళ్లు పోసి, పన్నెండు గంటలకోసారి చేపలను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం. ఒంటి మీంచి రాలినవి గూడు కట్టి పిల్లలు పెట్టే లోపే చేపలు వేరే టబ్బులో ఉంటాయి. వదిలిన టబ్బును కడిగి ఎండలో ఆరబెడితే అన్నీ చస్తాయి, ఆరిన చోట ఇవి బతకవు. వలను కూడా ఆరబెట్టాలి. వారం పది రోజులు ఇలా చేయాలి, నీళ్లు రెండింటికీ ఒకే వెచ్చదనంలో ముందే పట్టి ఉంచాలి. ఈలోగా చేపలు లేని మీ గాజు తొట్టి రెండు వారాలు ఖాళీగా నడిస్తే దానంతటదే శుభ్రపడుతుంది, తిండి దొరకని పురుగు మిగలదు. కానీ ఎగశ్వాసలో ఉన్న మీ గోల్డ్ ఫిష్‌ను రోజుకు రెండుసార్లు పట్టి మార్చడం దానికి పెద్ద బాధ. ఏంజెల్ చేపలు కూడా బెదురుతాయి. అందుకే దీన్ని వెనక ఉంచాను.

బావగారు చెప్పిన బ్లీచింగ్ అయిదో దారి. చేపలు ఉండగా క్లోరిన్ వేస్తే మొప్పలు కాలి చస్తాయి, అది వైద్యం కాదు. ఒకవేళ చేపలేవీ మిగలకపోతే అప్పుడు కూడా బ్లీచింగ్ అక్కర్లేదు. నీళ్లు పారబోసి, రాళ్లు కడిగి, అన్నీ మూడు రోజులు ఎండబెడితే సరిపోతుంది.

ఊరి చెరువులో వదలడం మాత్రం దయచేసి వద్దు. ఇది ఒక్కటే నేను దారిగా ఒప్పుకోనిది. ఈ పురుగు రొయ్యకు పట్టదు గానీ బొచ్చె, శీలావతి, కొర్రమీను అన్నిటికీ పడుతుంది. ఆ చెరువు మీద బతికేవాళ్లున్నారు. సక్కర్ చేప సంగతి ఇంకా ఘోరం. అది మన దేశపు చేప కాదు. చెరువులో పడితే గట్ల కింద బొరియలు చేస్తుంది, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, దాన్ని కొనేవాడుండడు. అత్తగారికి చెప్పేటప్పుడు కీడు గురించి వాదించకండి. జబ్బుతో ఉన్న ప్రాణిని చెరువులో వదిలితే అక్కడి చేపలకూ జబ్బు అంటించినట్టవుతుందని చెప్పండి. ఆమె మనసులో ఉన్నది ప్రాణం పోకూడదనేగా, అది అర్థం చేసుకుంటారు. తొట్టి నుంచి తీసిన నీళ్లు కూడా కాలవలోకి కాకుండా బాత్‌రూమ్ తూములో పోయండి. ఉప్పు కలిశాక పూలకుండీలకు పోయవద్దు.

ఎంత చేసినా ఆ గోల్డ్ ఫిష్ దక్కకపోవచ్చు. మొప్పల్లో పట్టిన చేపకు మొదటి మూడు రోజులే గండం. పక్కకు ఒరిగిపోయి, మేత వాసనకు కూడా కదలని స్థితికి వస్తే బాధ తగ్గించే పద్ధతి ఉంది. గిన్నెలో లీటరు తొట్టి నీళ్లు తీసుకోండి. లవంగ నూనె 0.4 మిల్లీలీటరును సీసాలో కాసిన్ని గోరువెచ్చని నీళ్లతో తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి అందులో కలిపి చేపను ఉంచండి. నిద్రపోయినట్టయి మొప్పలు ఆగుతాయి, ఆగాక ఇంకో పది నిమిషాలు ఉంచి తీయాలి. బతికున్న చేపను టాయిలెట్‌లో వేయడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి చేయకండి. పాపకు నిజమే చెప్పండి, తొమ్మిదేళ్ల పిల్ల తట్టుకుంటుంది. రాత్రికి రాత్రి అలాంటిదే ఇంకొకటి తెచ్చి పెట్టడం మాత్రం వద్దు. పిల్లలు కనిపెడతారు, పైగా జబ్బు తొట్టిలో అదీ పడిపోతుంది. మీ వారు అన్నట్టు కొత్తవి కొనడం నెలన్నర ఆగాకే.

కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. ఇక్ మీ తొట్టిలో దానంతటది పుట్టలేదు. అన్ని నీళ్లలోనూ నిద్రాణంగా ఉంటుందని, చలికి లేస్తుందని చెబుతారు, అది నిజం కాదు. కొత్త చేపతోనో, అది వచ్చిన నీళ్లతోనో, తడి వలతోనో, మొక్కతోనో రావాల్సిందే. చలి చేసిందల్లా చేపల ఒంట్లో సత్తువ తగ్గించి దానికి దారి ఇవ్వడం. ఇక ముందు 20 లీటర్ల టబ్బు, చిన్న స్పాంజి ఫిల్టర్ విడిగా పెట్టుకుని ఏ కొత్త చేపనైనా మూడు వారాలు అందులో ఉంచి చూడండి. ఆ టబ్బుకు వేరే వల. కవరులో నీళ్లు తొట్టిలో పడకూడదు, చేప ఒక్కటే రావాలి. ఇంకో మాట, 55 లీటర్లకు మీ చేపలు ఇప్పటికే ఎక్కువ. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు, ఏంజెల్‌కు వెచ్చటివి ఇష్టం. ఈ గండం గట్టెక్కాక ఏదో ఒక జాతినే ఉంచుకుంటే రెండూ సుఖపడతాయి. వదులుకున్నవి తీసుకునే దుకాణానికో ఇంకో పెంపకందారుకో ఇవ్వవచ్చు. అదీ వాటి ఒంటి మీద చుక్క లేకుండా నెల గడిచాకే.

పాపకు ఒక పని అప్పగించండి. రోజూ సాయంత్రం టార్చి వేసి ఏ చేప మీద ఎన్ని చుక్కలున్నాయో ఒక నోటు పుస్తకంలో రాయమనండి, పక్కన థర్మామీటరు అంకె కూడా. మందు ఎప్పుడు ఆపాలో మీకు చెప్పేది ఆ పుస్తకమే. అన్ని చేపల ఎదుటా సున్నా పడిన రోజు తేదీ చుట్టూ గుండ్రంగా గీత గీయమనండి. హీటరు ఉంటే అక్కడి నుంచి ఏడు రోజులు, లేకపోతే పద్నాలుగు. మధ్యలో ఎప్పుడైనా ఒక్క చుక్క కనబడితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.